సాలీడు జాతులను పోల్చుకోవడం – మూడవ పాఠం: ఉదరం అడుగున ఉన్న ఆధారం

కళ్ళ వరుసలను బట్టి కుటుంబాన్ని గుర్తించడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఒకే ప్రజాతికి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపుకు) చెందిన రెండు జాతులను విడదీయవలసి వచ్చినప్పుడు మాత్రం కళ్ళూ రంగులూ చాలవు. వానలు వెనకబట్టే రోజుల్లో పర్లాకిమిడి చుట్టుపక్కల జీడితోటల్లోనూ, మహేంద్రతనయ నది గట్టున పొదల మధ్యా, కాళ్ళను రెండేసి చొప్పున జతచేసి గుణకారపు గుర్తులా తలకిందులుగా వేలాడే పసుపు చారల సాలీళ్ళు ఆర్జియోపే ప్రజాతివి. మన దేశంలో విరివిగా కనిపించే ఆర్జియోపే పుల్కెల్లాను 1881లోనూ, ఆర్జియోపే అనసూజాను 1887లోనూ వర్ణించినవాడు థోరెల్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడే. రెండింటికీ వీపున అడ్డచారలూ, గూటిలో తెల్లని వంకరటింకర అల్లికా ఉంటాయి కనుక, వీపు ఫొటో ఒక్కటే చూసి పేరు పెట్టడానికి నేను ఒప్పుకోను.

ఆడ సాలీడును వెల్లకిలా తిప్పితే, ఉదరపు ముందు భాగంలో, పుస్తకాకార ఊపిరితిత్తుల మూతల నడుమ, గట్టిపడిన చిన్న ఫలకం ఒకటి కనిపిస్తుంది. జననరంధ్రాన్ని కప్పి ఉండే ఆ ఫలకం పేరు ఎపిగైన్. ఆర్జియోపేలలో దీని మధ్య ఒక నిలువు గోడ, దానికి ఇరువైపులా రెండు గుంటలు ఉంటాయి. గోడ వెడల్పు, గుంటల ముందరి అంచు వంపు, వెనకనుంచి చూసినప్పుడు గోడ విస్తరించే తీరు జాతిని బట్టి మారతాయి. అందువల్ల కిందినుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి, రెండు బొమ్మలు తప్పక గీయాలి.

చివరి కుబుసం విడిచేదాకా ఎపిగైన్ పూర్తిగా ఏర్పడదు. మొదటి ఏడాది నేను ఎదగని ఆడదాన్ని వేరే జాతిగా నోటుపుస్తకంలో రాసుకుని, తరువాత ఆ పుట మొత్తం కొట్టివేయవలసి వచ్చింది. ఇంతకంటే సూక్ష్మమైన పొరపాటు మరొకటి ఉంది: జతకట్టే వేళ, శుక్రాన్ని చేరవేసే మగదాని ఎంబోలస్ అనే సన్నని భాగం కొస విరిగి, ఆడదాని గుంటలో బిరడాలా ఉండిపోవడం ఈ ప్రజాతిలోని పలు జాతుల్లో జరుగుతుంది. ఆ ముక్కను ఎపిగైన్‌లో భాగమని భ్రమపడితే బొమ్మే తప్పుతుంది. కుడి ఎడమలు ఒకేలా లేకపోతే ముందుగా దీన్నే అనుమానించండి.

మగవాటిలో చూడవలసింది పెడిపాల్పు (నోటి పక్కన చిన్న కాలులా ఉండే అవయవం) కొసనున్న బల్బు. అది నాలుగవ పాఠం.

ప్రారంభానికి పది రెట్ల భూతద్దం చాలు. బతికున్న సాలీడును సన్నని గాజుగొట్టంలోకి పోనిచ్చి, దూదితో మెల్లగా అదిమి, చూసిన వెంటనే పట్టిన చోటే విడిచిపెట్టాలి. చనిపోయి దొరికినదాన్ని 70 శాతం ఆల్కహాల్‌లో భద్రపరచండి. దాని ఎపిగైన్‌ను వేరుచేసి లవంగ నూనెలో ఉంచితే పారదర్శకమై, లోపలి వీర్యకోశాలు (ఆడది శుక్రాన్ని దాచుకునే సంచులు) మైక్రోస్కోపు కింద కనిపిస్తాయి.

వచ్చే పాఠంలోగా ఒకే తోటలోని మూడు ఆడ సాలీళ్ళ ఎపిగైన్‌లను గీసి, ఒక్కొక్క బొమ్మ కింద తేదీ, చోటు, గూడు కట్టిన మొక్క పేరు రాసి ఉంచండి.