రైటింగ్ బ్యాండ్ కదుల్తలేదా? ఏడ ఆగిందో చూస్కొని సరిచేద్దాం

మా చెల్లె, ఆమె దోస్తులు ఇద్దరు పోయిన ఏడాది హన్మకొండల మా మేడ మీది రూముల కూసొని ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్‌కి (పనికో, ఉండనీకో బయటి దేశాలకు పోయేటోళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష) చదివిన్రు, రోజూ సాయంత్రం వాళ్ళు రాసినయి నేనే దిద్దేది. అంతకు ముందు నేను రాసినప్పుడు రైటింగ్‌ల బ్యాండ్, అంటే మార్కు, 9కి 5.5 కాడ ఆగిపోయి, ఎందుకు ఆగిందో తెల్వక మస్తు బాధపడ్డ. ముగ్గురి నోట్‌బుక్కులు పక్కపక్కన పెట్టి చూసినంక అర్థమైంది, నాకు దెబ్బ పడ్డ జాగల్నే వీళ్ళకు కూడా పడుతున్నది. ఒక్కొక్కటి చెప్త, మీది ఏదో చూస్కోండి.

"రోజూ రాస్తున్నం గని టైం, పదాలు కుదర్తలేవు"

ఇది చిన్న సమస్యే, ఒక ఎగ్జామ్ వీడియో చూసి ఇంకో ఎగ్జామ్‌కి ప్రాక్టీస్ చేస్తే వస్తది. పీటీఈ, సెల్పిప్ కూడా ఐఈఎల్‌టీఎస్ అసొంటి ఇంగ్లిష్ పరీక్షలే, గని లెక్కలు వేరు. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌ల గంట టైంల రెండు రాయాలె, లెటర్ కనీసం 150 పదాలు, ఎస్సే కనీసం 250. పీటీఈ కోర్‌ల ఈమెయిల్‌కి 9 నిమిషాలే, 50 నుంచి 120 పదాల్లో ముగించాలె. పీటీఈ అకడమిక్ ఎస్సే 20 నిమిషాలు, 200 నుంచి 300 పదాలు. సెల్పిప్ ఈమెయిల్ అయితే 27 నిమిషాలు, 150 నుంచి 200 పదాలు. మీ ఎగ్జామ్ లెక్క ఒక్కటి కాయితం మీద రాసి గోడకు అతికించుకోండి, మిగతా వీడియోలు బంద్ పెట్టండి.

"లెటర్ మంచిగనే రాసిన, మరి మార్కులేడ పోయినయి?"

ఇక్కడ జర ఆగి చెప్పాలె, ఎక్కువ మందికి పోయేది ఇక్కడ్నే. ఐఈఎల్‌టీఎస్ లెటర్ ప్రశ్న కింద మూడు పాయింట్లు ఇస్తరు. నేను మా చెల్లెకు ఇచ్చిన ప్రశ్న ఇది: కిరాయి ఇంట్ల పైకప్పు కారుతున్నది, ఓనర్‌కి రాయి, ఏమైందో చెప్పు, దానితోని ఏం ఇబ్బంది అయిందో చెప్పు, ఆయన ఏం చేయాల్నో చెప్పు. ఆమె వాన గురించే ఏడు లైన్లు రాసింది, బట్టలు తడిసినయని రెండు లైన్లు, మూడో పాయింట్‌కి "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్" అని ఒక్క ముక్క. పైన ఫ్రమ్, టు, తారీఖు, బడిల లీవ్ లెటర్ రాసినట్టే.

కారణం ఆ లీవ్ లెటరే. ఆరో తరగతి నుంచి "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని ఒక్క లెటర్‌నే వందసార్లు రాసినం, చెయ్యి దానికే అలవాటు పడ్డది. దోస్తుకు రాసే లెటర్ల కూడా "కైండ్లీ" వచ్చేస్తది. ఈ ఎగ్జామ్‌ల అడ్రస్ రాయాల్సిన పనే లేదు, ఆ మాట ప్రశ్నలనే ఉంటది, అయినా ఎవ్వరూ చదవరు.

ఏం చేయాలె అంటే, పెన్ను పట్టేముందు మూడు పాయింట్లకు మూడు గీతలు గీసి ఒక్కోదాని కింద రెండు సొంత సంగతులు తెలుగులనే రాసుకోండి. మా చెల్లె రెండోసారి మూడో పాయింట్ కింద "శుక్రవారం లోపల మేస్త్రీని పంపాలె, అప్పటిదాక మంచం హాల్‌ల వేసుకుంట" అని రాసుకుంది, దాంట్లెకెల్లి నాలుగు మంచి వాక్యాలు వచ్చినయి, "కుడ్ యూ ప్లీజ్ సెండ్ సమ్‌వన్ బిఫోర్ ఫ్రైడే" అని సాఫ్‌సీదా అడిగింది. ఎవరికి రాస్తున్నవో కూడా పైన రాసుకోవాలె. పేరు తెల్వని మేనేజర్‌కైతే "డియర్ సర్ ఆర్ మేడమ్", చివర "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ". దోస్తుకైతే పేరు పెట్టి పిలిచి, మాట్లాడినట్టే రాయొచ్చు.

"ఎస్సేల పెద్ద పెద్ద పదాలు వాడిన, అయినా పెరగలే"

కారణం బట్టీ పట్టిన పేరాలు. నేను చదివిన కోచింగ్‌ల ఒక జిరాక్స్ కాయితం ఇచ్చిన్రు, ఏ టాపిక్ వచ్చినా "ఇన్ దిస్ మోడర్న్ ఎరా" అని మొదలుపెట్టే మూడు పేరాలు. బ్యాచ్‌ల ముప్పై మందిమి అదే రాసినం. దిద్దేటోళ్ళకు బట్టీది కనిపెట్టే ట్రైనింగ్ ఉంటది, పైగా ఆ మూడు పేరాలల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఎక్కడా ఉండదు. ఆ కాయితం చింపేయమనే నేను చెప్త.

దాని బదులు మన చుట్టుపక్కల సంగతి పెట్టండి, సొంత అనుభవం నుంచి ఉదాహరణలు ఇయ్యమని ప్రశ్నలనే అడుగుతరు. టూరిజంతోని ఊరోళ్ళకు లాభమా నష్టమా అని వచ్చిందనుకోండి, పాలంపేట రామప్ప గుడికి 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది, దాన్ని తీసుకొని బయటోళ్ళు వస్తే అక్కడ టీ కొట్టు ఆయనకు ఏం లాభం, సెలవు రోజు రోడ్డు మీద ఏం ఇబ్బంది అని రాస్తే చిన్న పదాలతోనే ఎస్సే నిలబడతది. ఊర్లకెల్లి పట్నం పోవుడు గురించి వస్తే ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి తెచ్చే రైతు కొడుకు హైదరాబాద్‌ల ఎందుకు ఉన్నడో రాయండి.

"గ్రామర్ పుస్తకం మొత్తం చదివిన, ఎర్ర గీతలు తగ్గుతలేవు"

మన తప్పులు పుస్తకంల ఉండయి, అవి మన తెలుగులకెల్లి వస్తయి. మనకు నీళ్ళు, పాలు బహువచనం, అందుకే "నీళ్ళు కారుతున్నయి" అనేది "వాటర్ ఆర్ లీకింగ్" అయితది. "వస్తనన్నడు" అనేది "హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్" అయితది, అక్కడ "హి సెడ్ హి వుడ్ కమ్" రావాలె. "రెండుసార్లు ఫోన్ చేసిన, ఎత్తలే" అంటే తెలుగుల ఎవరు చేసిన్రో, ఎవరు ఎత్తలేదో అడగకుండనే తెలుస్తది, ఇంగ్లిష్‌ల మాత్రం "ఐ కాల్డ్ యూ ట్వైస్ బట్ యూ డిడ్ నాట్ ఆన్సర్" అని ఇద్దర్నీ నిలబెట్టాలె, ఫోన్‌కి "లిఫ్ట్" కూడా వద్దు. ఇంకోటి, మనం పోయి, చూసి, అడిగి, తిరిగొచ్చి అని ఎంత దూరమైనా లాగుతం, ఇంగ్లిష్‌ల దాన్ని కామాలతోని లాగితే తప్పు, రెండు పనులు కాంగనే ఫుల్‌స్టాప్ పెట్టాలె. "ఎ", "ద" అయితే మన భాషల లేనే లేవు, అవి చివర్ల వేరేగ ఒకసారి చూస్కోవాల్సిందే.

నోట్‌బుక్ ఆఖరి పేజీల మీ తప్పులే రాసుకోండి, ఎడమ దిక్కు మనసుల వచ్చిన తెలుగు మాట, కుడి దిక్కు సరైన ఇంగ్లిష్. వారానికి ఒక్క రకం తప్పు మీదనే పడండి.

"ఇంట్ల రాస్తే స్పెల్లింగ్ తప్పు రాదు, మాక్ టెస్ట్‌ల కుప్పలు"

ఫోన్ల రాస్తున్నరు కదా, అదే కారణం. ఫోన్ మనకు తెల్వకుండనే స్పెల్లింగ్ దిద్దుతది, "ఐ"ని పెద్దక్షరం చేస్తది. ఐఈఎల్‌టీఎస్, పీటీఈ ఎగ్జామ్ కంప్యూటర్‌ల పదాల లెక్క కనపడతది గని స్పెల్‌చెక్ ఉండదు. అసలు కీబోర్డ్ మీద, స్పెల్‌చెక్ ఆఫ్ చేసి రాయాలె. ఇంట్ల కంప్యూటర్ లేకుంటే వారానికి రెండుసార్లు నెట్ సెంటర్ల గంట కూసున్నా పనైతది. ఐఈఎల్‌టీఎస్‌ల ఎస్సేకి లెటర్ కంటే రెండింతలు విలువ, లెటర్ 20 నిమిషాలు దాటినా పొడిగిస్తూ కూసుంటే ఎస్సే సగంల ఆగుతది.

"నలభై ఎస్సేలు రాసిన, మొదటిది ఆఖరిది ఒక్కతీరే ఉన్నయి"

నాకు జరిగింది ఇదే. రోజుకో కొత్త టాపిక్ రాసి పక్కన పడేస్తే అదే తప్పు నలభైసార్లు రాసి గట్టి చేసుకున్నట్టు. మా చెల్లెకు మాత్రం వారానికి రెండే ప్రశ్నలు ఇచ్చిన. సోమవారం రాయాలె, నేను తప్పు కింద గీత మాత్రమే గీసి సరైంది చెప్పకుండ ఇచ్చేది, మంగళవారం ఆమే కనుక్కోవాలె, గురువారం పాతది చూడకుండ అదే ప్రశ్న మళ్ళ రాయాలె. మొదట్ల "అక్కా, బోర్ కొడుతున్నది, కొత్తది ఇయ్యి" అని మస్తు గొడవ చేసింది. ఆ కారే పైకప్పు లెటర్‌నే మూడుసార్లు రాయించిన, మొదటి దాంట్ల గీతలు పద్నాలుగు, మూడో దాంట్ల నాలుగు. ఆ నాలుగుల మూడు "ద" లేని జాగలు, ఆ వారం ఇద్దరం దాని మీదనే కూసున్నం.