కంప్యూటర్‌లో గ్రహాలు కక్ష్య తప్పితే: లక్షణం, కారణం, పరిష్కారం

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల డిగ్రీ, పీజీ విద్యార్థులు ప్రాజెక్టు కోసం పైథాన్‌లో సౌరకుటుంబాన్ని నడిపించి, భూమి సూర్యుణ్ణి వదిలి పోతోందనో, చంద్రుడు భూమిని వదిలి పోతున్నాడనో గ్రాఫులు పట్టుకొని నా దగ్గరికి వస్తుంటారు. న్యూటన్ సూత్రంతో త్వరణం కట్టడం, నాసా వారి హొరైజన్స్ అనే వెబ్ సేవ నుంచి స్థానాలు, వేగాలు తెచ్చుకోవడం మీకు తెలుసుననే అనుకొని ఇది రాస్తున్నాను.

ఒక విషయం ముందే మనసులో పెట్టుకోవాలి. 2009లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్తలు లాస్కర్, గాస్టినో సౌరకుటుంబాన్ని దాదాపు 500 కోట్ల ఏళ్ల ముందుకు 2501 సార్లు నడిపించి చూస్తే, బుధుడి కక్ష్య ప్రమాదకరంగా సాగిపోయినవి నూటికి సుమారు ఒకటే తేలాయి. అంత కాలానికి అంత అరుదుగా జరిగేది మీ గ్రాఫులో నూరేళ్లకే, అదీ భూమికి, జరిగిందంటే తప్పు ప్రోగ్రాములోనే ఉంది. గురుగ్రహం ఆకర్షణ మీద నెపం వేసి రిపోర్టు రాయకండి.

లక్షణం: భూమి చుట్టు చుట్టుకూ బయటికి జరుగుతోంది

ఇది అందరికీ తెలిసినదే, అయినా పదిమందిలో ఆరుగురు దీన్ని చూడకుండానే వస్తారు. ఆయిలర్ పద్ధతిలో, అంటే ఇప్పటి వేగం, త్వరణంతోనే తర్వాతి స్థానం, వేగం కట్టే సాదా పద్ధతిలో, ప్రతి అడుగులోనూ (లెక్క ఒక్కోసారి కాలాన్ని ముందుకు జరిపే నిడివిలోనూ) కక్ష్యకు కాస్త శక్తి వచ్చి చేరుతుంది కాబట్టి గ్రహం సర్పిలంగా బయటికి పోతుంది. లీప్‌ఫ్రాగ్ పద్ధతికి మారండి: సగం అడుగు వేగం, పూర్తి అడుగు స్థానం, మళ్లీ సగం అడుగు వేగం. ఇందులో శక్తిలోని దోషం కాస్త అటూ ఇటూ ఊగుతుంది గాని పేరుకుపోదు. అయితే నడుమ అడుగు నిడివిని మారుస్తూ పోతే ఈ మేలు దక్కదు. వ్యవస్థలో అతి త్వరగా తిరిగే వస్తువు ఏదో చూసుకొని, దాని ఆవర్తన కాలంలో ఇరవయ్యో వంతుకు మించకుండా అడుగు పెట్టుకోవాలి. ప్రమాణాలు కూడా సరిచూడండి. దూరం ఖగోళ ప్రమాణాల్లో (భూమికీ సూర్యుడికీ ఉన్న సగటు దూరం ఒక ప్రమాణం), కాలం సంవత్సరాల్లో, ద్రవ్యరాశి సూర్యుడి లెక్కన ఉంటే గురుత్వ స్థిరాంకం 39.478 కావాలి. హొరైజన్స్ వేగాన్ని రోజుకు ఇంత అని ఇచ్చినప్పుడు దాన్ని 365.25తో గుణించకుండానే వాడినవాళ్లను ఎంతోమందిని చూశాను.

లక్షణం: భూమి దూరం ఏటేటా ఎక్కువగా ఊగుతోంది, శక్తి మాత్రం మారడం లేదు

నా సమయాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తిన్నది ఇదే. కొన్నేళ్ల కింద ఒక వేసవిలో సూర్యుడు, భూమి, గురుడు ముగ్గురినే పెట్టి నూరేళ్లు నడిపించాను. మొదటి ఏడాది భూమి దూరం 0.983, 1.017 ఖగోళ ప్రమాణాల నడుమ తిరిగింది, అది సరైనదే. యాభయ్యో ఏటికి 0.87, 1.13 అయింది. నూరో ఏటికి 0.74, 1.26 అయింది. ఆ దూరాల నుంచి ఉత్కేంద్రత (కక్ష్య వృత్తం నుంచి ఎంత సాగిందన్న కొలత) కడితే 0.26 వచ్చింది. అడుగును ఒక రోజు నుంచి పన్నెండు గంటలకు, ఆరు గంటలకు, మూడు గంటలకు తగ్గించాను. పద్ధతినే మార్చి చూశాను. ఆ వరుసలోని అంకెలు కదల్లేదు. మూడు వారాలు గడిచాక, ఎందుకో సూర్యుడి స్థానాన్ని తెర మీద అచ్చు వేయించి చూస్తే, నూరో ఏటి వరుసలో సూర్యుడు మూలబిందువు నుంచి 0.26 ఖగోళ ప్రమాణాల దూరంలో ఉన్నాడు. గ్రాఫు గీసే వరుసలో మాత్రం పసుపు చుక్కను సూర్యుడి స్థానం నుంచి తీసుకోకుండా, సున్నా, సున్నా అని నేరుగా రాసి ఉంచాను. అందుకే అన్ని రోజులూ తప్పు కంటికి కనబడలేదు.

కారణం ఇది. హొరైజన్స్ నుంచి తెచ్చిన వేగాలు సూర్యుణ్ణి కేంద్రంగా పెట్టుకొని కొలిచినవి, కాబట్టి సూర్యుడి వేగాన్ని సున్నాగా రాశాను. గురుడి ద్రవ్యరాశి సూర్యుడిలో దాదాపు 1,047వ వంతు, వేగం సెకనుకు సుమారు 13 కిలోమీటర్లు. అంత బరువు అటు పోతుంటే సూర్యుడు ఇటు సెకనుకు 12.5 మీటర్ల వేగంతో కదలాలి. సూర్యుణ్ణి నిలబెట్టేస్తే ఆ లెక్క తీరక, మొత్తం వ్యవస్థ గురుడు బయలుదేరిన దిక్కుకు సెకనుకు 12.5 మీటర్లతో కొట్టుకుపోతుంది. ఏడాదికి అది దాదాపు నాలుగు లక్షల కిలోమీటర్లు, అంటే భూమికీ చంద్రుడికీ మధ్యనున్న దూరమంత.

సోమశిల దగ్గర కృష్ణలో పుట్టి ఎక్కినవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. పుట్టి తనచుట్టూ తాను తిరుగుతూనే వాలుకు దిగువకు పోతుంటుంది. అందులో అంచున కూర్చున్న మనిషి పుట్టి నడిమధ్యకు ఎప్పుడూ అంతే దూరంలో ఉంటాడు, ఒడ్డున నాటిన గుంజ నుంచి కొలిచినవాడికి మాత్రం ఆ దూరం ఒకసారి పెరుగుతూ, ఒకసారి తగ్గుతూ, మొత్తం మీద చెదిరిపోతున్నట్టు కనిపిస్తుంది. నేను కొలిచింది గుంజ నుంచి. భూమి కక్ష్యకు ఏమీ కాలేదు.

దీన్ని గుర్తుపట్టడానికి మూడు ఆనవాళ్లున్నాయి. అడుగు సగం చేసినా గ్రాఫు మారదు. మొత్తం శక్తి, మొత్తం ద్రవ్యవేగం (ద్రవ్యరాశి, వేగాల లబ్ధాల కూడిక) రెండూ స్థిరంగానే ఉంటాయి, కాని ద్రవ్యవేగం సున్నా కాకుండా స్థిరంగా ఉంటుంది. దాని మార్పును మాత్రమే చూసేవారు ఇక్కడే మోసపోతారు. మూడోది, చెదురు మొదటి రోజు నుంచే కాలంతోపాటు సూటి గీతలా పెరుగుతుంది. గ్రహాల పరస్పర ఆకర్షణ వల్ల కక్ష్యలు మారే తీరు అలా ఉండదు.

పరిష్కారం చిన్నది. అన్ని వస్తువుల ద్రవ్యరాశి, వేగాల లబ్ధాలను కూడి, మొత్తం ద్రవ్యరాశితో భాగించి, వచ్చిన వేగాన్ని సూర్యుడితో సహా ప్రతి వస్తువు వేగం నుంచీ తీసేయండి. స్థానాలకూ అదే చేయండి. రీబౌండ్ అనే పైథాన్ ప్యాకేజీ వాడేవారికి మూవ్_టు_కామ్ అనే ఒక్క ఆదేశం చాలు, కాని దాన్ని అన్ని వస్తువులనూ చేర్చిన తర్వాతే పిలవాలి. హొరైజన్స్‌లోనే కేంద్రాన్ని సౌరకుటుంబ ద్రవ్యరాశి కేంద్రంగా ఎంచుకుంటే సరిపోతుంది కదా అని అడుగుతారు. పూర్తిగా సరిపోదు. ఆ కేంద్రం అన్ని గ్రహాలనూ కలుపుకొని కట్టినది. మీరు శనిని వదిలేస్తే సెకనుకు 2.8 మీటర్ల మేర కొట్టుకుపోవడం మిగులుతుంది. కాబట్టి తీసివేత ఎలాగూ చేయండి. దూరాలను, ఉత్కేంద్రతను ఎప్పుడూ ఆ క్షణాన సూర్యుడు ఉన్న చోటు నుంచే కట్టండి, పసుపు చుక్కను కూడా అక్కడే పెట్టండి.

ఇదే తప్పు చంద్రుడి దగ్గర ఇంకో వేషంలో వస్తుంది. హొరైజన్స్‌లో 3 అంటే భూమి, చంద్రుల ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం, 399 అంటే భూమి. 3 సంఖ్యతో వచ్చిన విలువలను భూమికి ఇచ్చి, దాని పక్కన చంద్రుణ్ణి పెడితే జంటకు సెకనుకు 12 మీటర్లకు పైగా అదనపు వేగం అంటుకుంటుంది. ఈసారి అది కంటికి కనిపించే భ్రమ మాత్రమే కాదు, కక్ష్య నిజంగానే మారుతుంది. పున్నమి నాటి విలువలతో మొదలుపెడితే మీ సంవత్సరం పది గంటలకు పైగా పొడవవుతుంది. అమావాస్యతో మొదలుపెడితే అంతమేర తగ్గుతుంది.

లక్షణం: ఉపగ్రహం గ్రహాన్ని వదిలిపోతోంది

మొదట, చంద్రుడి వేగానికి భూమి వేగాన్ని కలిపారా అని చూడండి. సెకనుకు ఒక కిలోమీటరు అన్నది భూమిని బట్టి కొలిచిన వేగం. భూమి సూర్యుడి చుట్టూ పోయే సుమారు 30 కిలోమీటర్లను కలపకపోతే చంద్రుడు సూర్యుడి వైపు పడిపోతాడు. తర్వాత అడుగు చూడండి. మన చంద్రుడికి ఒక రోజు అడుగు నడుస్తుంది గాని, 1.77 రోజుల్లో గురుణ్ణి చుట్టివచ్చే అయోకు అది చుట్టుకు రెండు అడుగులు కూడా కాదు. 7 గంటల 39 నిమిషాల్లో అంగారకుణ్ణి చుట్టే ఫోబోస్‌కు ఇరవై నిమిషాలకు మించని అడుగు కావాలి.

ఇవన్నీ సరిగా ఉండీ విడిపోతోందంటే అది ప్రోగ్రాము దోషం కాకపోవచ్చు. భూమి హిల్ గోళం (సూర్యుడి లాగుడుకు ఎదురుగా భూమి పట్టు చెల్లే ప్రాంతం) వ్యాసార్ధం సుమారు 15 లక్షల కిలోమీటర్లు, కాని గ్రహం సూర్యుణ్ణి చుట్టే దిశలోనే తిరిగే ఉపగ్రహం అందులో దాదాపు సగం వరకే నిలుస్తుంది. ఎదురు దిశలో తిరిగేది ఇంకా దూరంలోనూ నిలవగలదు. ఒక విద్యార్థిని చంద్రుణ్ణి పది లక్షల కిలోమీటర్ల దగ్గర పెట్టి, పోతున్నాడు సార్ అని బాధపడింది. పోవాల్సిందే. ఆమె ప్రోగ్రాము సరైన జవాబే చెప్పింది.

సాపేక్షత ప్రభావం బుధుడి కక్ష్యను శతాబ్దానికి 43 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) తిప్పుతుంది, అంతే. చంద్రుడు అలల పోట్ల వల్ల ఏటా దూరమయ్యేది దాదాపు 3.8 సెంటీమీటర్లు. గ్రహాల నడుము ఉబ్బు దగ్గరి ఉపగ్రహాల కక్ష్యను తిప్పుతుంది గాని విడగొట్టదు. నూరేళ్ల గణనలో గ్రహం పారిపోవడానికి ఇవి కారణం కావు.

మీరు సొంతంగా ఊహించిన రెండు గ్రహాల వ్యవస్థ చెదిరితే వాటి ఎడం కొలవండి. దాదాపు వృత్తాకార కక్ష్యల్లో ఉన్న రెండు గ్రహాల నడుమ, వాటి ఉమ్మడి హిల్ వ్యాసార్ధానికి (రెండింటి ద్రవ్యరాశినీ కలిపి కట్టిన హిల్ గోళం వ్యాసార్ధానికి) 3.46 రెట్లకు మించిన దూరం ఉంటే అవి ఒకదాని దారిలోకి ఒకటి రావు. అంతకన్నా దగ్గరగా ఉంటే, ఒక గ్రహాన్ని ఒక్క మీటరు జరిపి మళ్లీ నడిపించండి. రెండుసార్లూ వేర్వేరు సంవత్సరాల్లో చెదిరితే, మీ చేతిలో ఉన్నది నిజమైన అస్థిరత, దాన్ని రిపోర్టులో రాయవచ్చు.