ఎంచుకున్న ట్యాబ్‌కి గీత ఎటువైపు పెట్టాలి?

యాప్‌లో మనం ఇప్పుడు ఏ ట్యాబ్‌లో ఉన్నామో చెప్పడానికి ఒక రంగు గీత పెడతాం. రంగు గురించి గంటలు గంటలు వాదించుకుంటాం కానీ, అది ఎటువైపు ఉండాలో ఎవరూ అడగరు.

మొదట ఆ ట్యాబ్ నొక్కితే మారే భాగం ఎటుందో చూసి, గీతను ఆ అంచునే పెట్టండి. ట్యాబ్‌లు పైన, వార్తలు కింద ఉంటే గీత కింది అంచున. ఫోన్‌లో అడుగున ఉండే బార్‌కి ఇది తిరగబడుతుంది, గీత పై అంచుకి వెళ్లాలి. అక్కడ కింద పెడితే ఇంకో చిక్కు కూడా ఉంది: హోమ్‌కి వెళ్లడానికి వేలితో పైకి జరిపే గీత చాలా ఫోన్లలో అక్కడే ఉంటుంది. గూగుల్ డిజైన్ పద్ధతి అయిన మెటీరియల్ 3లో ఈ తలనొప్పి లేకుండా ఐకాన్ వెనకే మాత్ర ఆకారంలో రంగు వేశారు. నా ఓటు దానికే.

పక్క మెనూ దగ్గర మాత్రం ఈ లెక్క పనిచేయదు. పేర్లు కొన్ని పొట్టి, కొన్ని పొడుగు. సమానంగా ఉండేది ఎడమ అంచే. చదివే కన్ను దిగేదీ అటు నుంచే. అందుకే నిలువు గీత ఎడమకే పెట్టండి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో చూడండి, అలాగే ఉంటుంది. యాప్‌కి ఉర్దూ కూడా ఉంటే, కోడ్‌లో ‘లెఫ్ట్’ బదులు ‘ఇన్‌లైన్ స్టార్ట్’ (వరస మొదలయ్యే వైపు) వాడండి. ఉర్దూలోకి మారినప్పుడు పేజీ దిశను కుడి నుంచి ఎడమకు మారిస్తే గీత దానంతట అదే కుడికి వెళ్తుంది.

తర్వాత తెలుగు లేబుళ్లు పెట్టి చూడండి. అసలు దెబ్బ తినేది ఇక్కడే. నేనొకసారి ‘హోమ్’ పెట్టి చూసి బాగుందనుకున్నాను. అందులో ఒత్తే లేదు! పక్క ట్యాబ్‌లో ‘రాష్ట్రం’ రాగానే ష కింది ఒత్తు వెళ్లి గీతలో కూరుకుపోయింది. అప్పటి నుంచి ఏ డిజైన్ అయినా మొదటి పరీక్ష ‘రాష్ట్రం’తోనే. అక్షరాలకు అండర్‌లైన్ ఇచ్చి సరిపెట్టుకోవద్దు. అక్షరం అడ్డొచ్చిన చోట బ్రౌజర్ ఆ గీతను తెంచేస్తుంది, ఒత్తుల దగ్గర ముక్కలు ముక్కలవుతుంది. గీతను ట్యాబ్ డబ్బా అంచుకి ఇచ్చి, లైన్ హైట్ (వరస ఎత్తు) కాస్త పెంచండి.

పక్క మెనూలో ఎంచుకున్నదానికి మాత్రమే 3 పిక్సెల్‌ల బోర్డర్ ఇస్తే ఆ పేరు అంత మేర కుడికి జరుగుతుంది. వరసగా నొక్కుతుంటే మెనూ ఎగిరెగిరి పడుతున్నట్టుంటుంది. అన్నిటికీ ముందే రంగులేని బోర్డర్ ఇచ్చి, ఎంచుకున్నదానికి రంగు వేయండి.

గీత రంగుకీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 3:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ నియమం. వెబ్‌ని అందరూ వాడగలిగేలా చేయడానికి పెట్టిన మార్గదర్శకాలే డబ్ల్యూసీఏజీ. లేత బూడిద మీద లేత నీలం పెడితే ఎండలో ఫోన్ చూసేవాళ్లకు గీత ఉన్నట్టే తెలియదు.

చివరగా మౌస్ పక్కన పెట్టి, కీబోర్డ్‌లో ట్యాబ్ కీ నొక్కుతూ వెళ్లండి. ఫోకస్ ఉన్నచోట, అంటే కీబోర్డ్ ఇప్పుడు నిలిచిన చోట, చుట్టూ చట్రం రావాలి. ఎంచుకున్న ట్యాబ్ మీదికే ఫోకస్ వచ్చినప్పుడు గీతా చట్రమూ రెండూ విడివిడిగా కనిపిస్తున్నాయా? కలిసిపోతే చట్రాన్ని రెండు పిక్సెల్‌లు బయటికి జరపండి.