కల్పిత లోకాల గురించి పాడ్‌కాస్ట్ ఎలా చేయాలి?

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీల మీద పాడ్‌కాస్ట్ మొదలుపెట్టేవారు తరచుగా చేసే పని కథ చెప్పేయడం. ఫలానా రాజ్యం, ఫలానా మాంత్రికుడు, ఆ పైన యుద్ధం. చదివినవారికి అది తెలిసిన కథ, చదవనివారికి రుచి చెడిన కథ. నా మొదటి ఎపిసోడ్ కూడా ఆ బాపతే. గంటా నలభై నిమిషాలు మాట్లాడి, మర్నాడు విని చూస్తే పనికొచ్చే మాటలు పన్నెండు నిమిషాలు తేలాయి. ఆ పన్నెండు నిమిషాల్లో ఉన్నది ఒకే ప్రశ్న: ఈ లోకాన్ని కట్టినవారు ముందుగా ఏ నియమం పెట్టుకున్నారు, దాని వెంట ఏమేమి రావలసి వచ్చింది? ఆ ప్రశ్నను పట్టుకుని ఎపిసోడ్ కట్టే పద్ధతి ఇది.

ముందు ఒక నియమం ఎంచుకోండి

‘మంత్రవిద్య’ అనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ‘మంత్రం వేసినవారు దానికి ఏమి చెల్లించాలి?’ అనుకుంటే ఎపిసోడ్ కళ్లముందు నిలుస్తుంది. నియమం దొరికాక, మైకు జోలికి వెళ్లకముందే కాగితం మీద దాన్ని చివరికంటా నడిపించి చూడండి.

ఉదాహరణకు కాగితం పైన ‘ఈ లోకానికి ఇద్దరు చందమామలు’ అని రాశామనుకుందాం. మొదట సముద్రం. మన భూమికి చంద్రుడు, సూర్యుడు ఒకే వరుసలోకి వచ్చే పున్నమి, అమావాస్యలప్పుడు పోటు ఎక్కువ. అక్కడ నీటిని లాగేవారు ముగ్గురు. ముగ్గురూ ఒకే వరుసలోకి వచ్చిన రోజున ఒడ్డున ఉన్న ఊరు మునగవచ్చు. అందువల్ల రేవు పట్టణాలు గుట్టల మీదికి ఎక్కుతాయి. ఆ రోజు ఎప్పుడు వస్తుందో ముందే లెక్కగట్టగలిగిన మనిషి మాటకు రాజు కూడా ఎదురు చెప్పడు. తర్వాత క్యాలెండరు. నెల అంటే ఎవరి నెల? జీతమిచ్చేవాడు పెద్ద చందమామ నెల లెక్క అంటాడు, అప్పిచ్చినవాడు వడ్డీకి చిన్న చందమామ నెల లెక్క అంటాడు. మధ్యలో పడినవాడి గోడు వేరే చెప్పాలా? ఇక రాత్రులు. ఇద్దరూ లేని చీకటి రాత్రి అరుదుగా వస్తుంది కాబట్టి దొంగలకు పనిదినాలు తక్కువ, ఊరి కాపలాకు ఏ రాత్రి మేలుకోవాలో ముందే తెలుసు.

సముద్రం దాకా అందరూ వస్తారు. వడ్డీ దాకా, దొంగ దాకా రాగలిగితే ఆ నియమంలో అరగంట సరుకు ఉన్నట్టే. రాలేకపోతే ఇంకో నియమం వెతుక్కోండి. ఈ పరీక్షలో నా జాబితాలోని సగం విషయాలు రాలిపోయాయి.

ఇదే కాగితాన్ని మీరు చర్చించబోయే పుస్తకం పక్కన పెట్టండి. రచయిత ఎక్కడిదాకా నడిచారు, ఎక్కడ ఆగిపోయారు, ఎక్కడ కావాలని కళ్లు మూసుకున్నారు అన్నవి కనిపిస్తాయి. మీరు మాట్లాడవలసినది అక్కడే ఉంది.

లోకం పుట్టిన చోటును వెతకండి

కల్పిత లోకాలు చాలావరకు నేల మీది చిన్న వివరం నుంచి మొలుస్తాయి. ఫ్రాంక్ హెర్బర్ట్ 1957లో అమెరికాలోని ఆరెగాన్ తీరానికి ఇసుక దిబ్బల మీద వ్యాసం రాద్దామని వెళ్లారు. రోడ్ల మీదికి కదిలివచ్చే ఇసుకను గడ్డి నాటి ఆపే ప్రయత్నం అక్కడ ప్రభుత్వం చేస్తోంది. ఆ వ్యాసం అచ్చు కాలేదు. దాని కోసం మొదలైన చదువు మాత్రం 1965లో ఎడారి గ్రహం మీద నడిచే ‘డ్యూన్’ నవలగా వచ్చింది. ఎపిసోడ్‌ను ఎడారి గ్రహంతో ఎత్తుకోవడం కన్నా, గడ్డి నాటుతున్న కూలీలతో ఎత్తుకుంటే వినేవాడు చెవి ఒగ్గుతాడు.

రచయితలు తమ లెక్కలు తామే బయటపెట్టిన సందర్భాలు దొరికితే వదలకండి. హాల్ క్లెమెంట్ 1953లో ‘మిషన్ ఆఫ్ గ్రావిటీ’ అనే సైన్స్ ఫిక్షన్ నవల రాశారు. అందులోని గ్రహం ఎంత వేగంగా తిరుగుతుందంటే, రోజు పూర్తికావడానికి 18 నిమిషాలు కూడా పట్టదు. ఆ వేగానికి అది అప్పడంలా చదునైపోయింది. నడుము దగ్గర గురుత్వాకర్షణ భూమికి 3 రెట్లు, ధ్రువాల దగ్గర ఆయన లెక్కలో దాదాపు 700 రెట్లు. ఆ గ్రహాన్ని ఎలా కట్టారో వివరిస్తూ ఆయన అదే ఏడాది విడిగా ఒక వ్యాసం కూడా అచ్చువేశారు. అలాంటి వ్యాసాలు, ఉత్తరాలు, ముందుమాటలు మీకు ముడిసరుకు. అభిమానులు రాసిన సారాంశాలను మాత్రం నమ్ముకోకండి. ఒకరి తప్పు పదిమంది నోళ్లలో నాని నిజంలా వినిపిస్తుంది.

అతిథిని అడగవలసింది అడగండి

‘ఈ ఆలోచన మీకు ఎలా వచ్చింది?’ అని అడిగితే రచయిత ఎన్నోసార్లు చెప్పిన జవాబే మళ్లీ చెబుతారు. ఒకసారి నేనూ అడిగాను. అవతలి గొంతులో ఉత్సాహం అప్పటికప్పుడే చప్పబడింది. ఇలా అడిగి చూడండి: ‘మీరు పెట్టుకుని తర్వాత తీసేసిన నియమం ఏది?’ ‘ఏ నియమం వల్ల కథ ఇరుకున పడింది?’ ‘పాఠకులు పట్టుకున్న లొసుగు ఏమిటి?’ కొట్టివేసిన పటాలు, పేర్ల జాబితాలు దగ్గర పెట్టుకోమని ముందే చెప్పండి. కాగితం చూస్తూ మాట్లాడే మనిషి గొంతు మారుతుంది.

అతిథి రచయితే కానక్కరలేదు. నదులు దారి ఎందుకు మారతాయో చెప్పే భూగర్భ శాస్త్రవేత్త, వాడిన బట్టలా కనిపించేలా కొత్త బట్టను పాతబరిచే దుస్తుల రూపకర్త, పన్నుల చరిత్ర చదివినవారు కూడా ఈ పాడ్‌కాస్ట్‌కు బాగా అమరుతారు. డ్రాగన్ ఉన్న రాజ్యంలో కోటగోడలు కట్టి ప్రయోజనం ఉందా అన్న ప్రశ్నకు సైనిక చరిత్ర తెలిసినవారు ఇచ్చే జవాబు ముందు మన ఊహలు వెలవెలబోతాయి.

చెవికి పటం గీయండి

పుస్తకానికి మొదటి పేజీలో పటం ఉంటుంది, మీకు లేదు. ‘ఉత్తరాన కొండలు, తూర్పున అడవి, పడమట సముద్రం’ అంటే రెండో దిక్కుకే శ్రోత తప్పిపోతాడు. ఒక మనిషిని రేవులో దింపి నడిపించండి. కాళ్ల కింద ఇసుక పోయి రాయి వచ్చింది, ఎక్కుడు మొదలైంది, చలి పెరిగింది, అంతలో కోట. ఆ దారి గుర్తుంటుంది.

పేర్లతో ఇంకో తంటా. కంటికి అందంగా ఉన్న పేరు నోటికి తిరగకపోవచ్చు. పేర్లన్నీ ఎలా పలకాలో ముందే తెలుగులో రాసుకుని, ఎపిసోడ్ పొడవునా ఒకేలా పలకండి. కొత్త పేర్లు నాలుగు మించితే మిగతావారిని ‘ఆ సేనాని’, ‘ఆ చెల్లెలు’ అనడమే మేలు.

కల్పిత భాషలు మాత్రం పాడ్‌కాస్ట్‌కు వరం. ఇక్కడ మనకు ఇంట్లోనే పాఠం ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’లో పింగళి నాగేంద్రరావు రాక్షసులకు కొత్త వ్యాకరణమేమీ కట్టలేదు. కంబళిని గింబళి చేశారు, తల్పాన్ని గిల్పం చేశారు, మెప్పుకు గుర్తుగా వీరతాడు వేయించారు. ఉన్న మాటకు ఒక అక్షరం మార్చగానే ఆ జాతికి ఒక పలుకుబడి వచ్చేసింది. ‘బాహుబలి’ కోసం మదన్ కార్కీ రూపొందించిన కిలికి భాష దీనికి పూర్తిగా వేరు దారి. దానికి సొంత పదజాలం, వ్యాకరణం ఉన్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన వినిపిస్తే మీరు వివరించవలసింది పెద్దగా మిగలదు.

రికార్డింగ్, ఎడిటింగ్

ఖరీదైన మైకు కన్నా ప్రతిధ్వని లేని గది ముఖ్యం. పుస్తకాల అలమర, దుప్పట్లు, పరుపు ఉన్న చిన్న గది చాలు. ఫ్యాను ఆపండి. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంటే ప, ఫ, భ పలికినప్పుడు గాలి దెబ్బ తగలదు. మాట మొదలుపెట్టే ముందు అర నిమిషం నిశ్శబ్దం రికార్డు చేసుకోండి, కోతలు అతికేటప్పుడు మధ్యలో నింపడానికి కావాలి. అతిథి దూరాన ఉంటే ఎవరి గొంతును వారి దగ్గరే రికార్డు చేసి, తర్వాత రెండింటినీ కలపండి.

ఎడిటింగ్‌కు ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ధ్వని స్థాయిని మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉంచి, 128 కేబీపీఎస్ ఎంపీ3గా తీస్తే అరగంట ఎపిసోడ్ సుమారు 29 ఎంబీ వస్తుంది. గాలి హోరు, కత్తుల చప్పుడు లాంటివి నియమాన్ని వినిపించడానికే వాడండి. పలచని గాలి ఉన్న గ్రహం మీద శబ్దం బలహీనంగా వినిపిస్తుందని చెప్పేటప్పుడు మీ గొంతునే తగ్గించండి, ఆ ఒక్కటీ చాలు. నేపథ్య సంగీతం వాడుకునే అనుమతి ఉన్నదే తీసుకోండి. పుస్తకాల నుంచి పేజీలకు పేజీలు చదవడం హక్కుల చిక్కే కాదు, విసుగు కూడా.

విడుదల

ఆడియోను ఇంటర్నెట్‌లో ఉంచే హోస్టింగ్ సేవలో ఎపిసోడ్ పెట్టగానే మీకొక ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్, అంటే మీ ఎపిసోడ్ల జాబితాను యాప్‌లకు అందించే లింకు వస్తుంది. దాన్ని పాడ్‌కాస్ట్ యాప్‌లకు ఒకసారి ఇస్తే తర్వాతి ఎపిసోడ్లు వాటంతట అవే చేరతాయి. ముఖచిత్రం 3000 పిక్సెళ్ల చతురస్రంగా చేసుకోండి, ఫోనులో గోరంత కనిపించినా పేరు చదవగలిగేలా ఉండాలి. కథ గుట్టు విప్పబోతుంటే ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా దాటవేయాలో మొదట్లోనే చెప్పండి.

మూడు ఎపిసోడ్లు చేతిలో ఉన్నాకే మొదటిది వదలండి. అది వెళ్లిన వారానికే ఎవరో ఒకరు రాస్తారు: ఇద్దరు చందమామలుంటే గ్రహణాలు ఎన్ని వస్తాయో లెక్క వేశారా అని. వేయలేదు. నాలుగో ఎపిసోడ్ అక్కడ మొదలవుతుంది.