పొద్దున్నే వెతుక్కోకుండా: బెల్టులు, గొలుసులు, వాచీలు సర్దుకునే పద్ధతి

పొద్దున ఆలస్యమయ్యేది వస్తువులు ఎక్కువై కాదు, ఒకదాని కింద ఒకటి పడి ఉండటం వల్ల. కొత్త డబ్బాలు, హ్యాంగర్లు కొనే ముందు ఉన్నవన్నీ మంచం మీద పరచండి. గత రెండు వారాల్లో వాడినవి ఒక పక్కకు తీయండి. బెల్టులైతే చాలామందికి రెండో మూడో తేలతాయి. చేతికందే చోటు వాటికే ఇవ్వాలి. మిగతావి పై అరకు వెళ్లినా ఇబ్బంది లేదు. తోలు పగిలినవి, రంధ్రాలు సాగిపోయినవి ఇప్పుడే తీసేయండి.

చోటుంటే బెల్టును బకిల్ పట్టి వేలాడదీయడమే మేలు. దాని పొడవు సుమారు 100 నుంచి 120 సెం.మీ. ఉంటుంది కాబట్టి కొక్కెం కింద 130 సెం.మీ. ఖాళీ కావాలి. తక్కువైతే కొస అడుగుకు ఆని వంగుతుంది, తోలులో ఆ వంపు నిలిచిపోతుంది. కొక్కేల మధ్య కనీసం 5 సెం.మీ. ఎడం ఉంచండి, లేకపోతే బకిళ్లు రాసుకుని గీతలు పడతాయి. ఒక కొక్కేనికి ఒకే బెల్టు. రెండు తగిలిస్తే వెనకదాని కోసం ముందుది తీయాలి, హడావిడిలో తీసింది మళ్లీ తగిలించరు. చిందరవందర మొదలయ్యేది అక్కడే.

అలమర తలుపు లోపలి వైపు మంచి చోటే. కాకపోతే తలుపు మూస్తే అర అంచుకూ దానికీ మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో ముందు కొలవండి. కొక్కెం, బకిల్ కలిపి 4 సెం.మీ. దాకా ముందుకొస్తాయి. అంటించే కొక్కేలు ఊడిపోవడానికి తరచూ కారణం తలుపు మీది జిడ్డు. స్పిరిట్‌తో తుడిచి, ఆరాక అంటించి, అరనిమిషం గట్టిగా నొక్కండి. బరువు మర్నాడు తగిలించండి.

సొరుగే గతి అయితే బకిల్ మధ్యలో ఉండేలా, నునుపు వైపు బయటికి పెట్టి, 8, 9 సెం.మీ. వెడల్పున వదులుగా చుట్టండి. బిగించి చుడితే పై పొర సాగి పగుళ్లిస్తుంది. మడత పెట్టడం అంతకన్నా చేటు. చుట్టలను 10 సెం.మీ. గడుల్లో, అంచు మీద నిలబెడితే పైనుంచి అన్నీ కనబడతాయి. విప్పిన బెల్టు చెమట తడితో ఉంటుంది, ఒక రాత్రి గాలికి ఆరనిచ్చాకే సొరుగులో పెట్టండి. తోలును ప్లాస్టిక్ సంచిలో మూసేస్తే తేమ లోపలే చిక్కి బూజు పడుతుంది.

గొలుసులకు కూడా కొక్కేనికి ఒకటే లెక్క, గొలుసు కొసల్లోని కొక్కీ పెట్టేసి తగిలించాలి. మరీ సన్నవైతే స్ట్రాలోంచి ఒక కొస దూర్చి, బయట కొక్కీ పెట్టండి, ఇక చిక్కు పడవు. ముత్యాల దండ వేలాడదీయకండి, బరువుకు దారం సాగుతుంది. మెత్తటి గుడ్డలో పరిచి ఉంచాలి. వెండిని గాలి చొరని సంచిలో పెట్టండి గానీ రబ్బరు బ్యాండు చుట్టకండి, రబ్బరులోని గంధకం దాన్ని నల్లబరుస్తుంది. కమ్మలకు ఐస్ ట్రే చాలు, గడికి ఒక జత.

టైలు ముడి విప్పి వేలాడదీయవచ్చు. అల్లిక టైలు మాత్రం సాగుతాయి, చుట్టి పెట్టాలి. కళ్లద్దాలను గాజు పైకి ఉండేలా పెట్టండి. వాచీని అయస్కాంతానికి దూరంగా ఉంచండి. ఫోను స్పీకరులోనూ, కొన్ని సంచుల మూతల్లోనూ అది ఉంటుంది.

గుమ్మం దగ్గర 20×25 సెం.మీ. ట్రే ఒకటి చాలు: తాళాలు, పర్సు, గుర్తింపు కార్డు, వాచీ. అంతకన్నా పెద్దదైతే వారంలో రసీదులతో నిండిపోతుంది. చిల్లరకు పక్కనే చిన్న గిన్నె పెట్టండి. రేపటి ప్యాంటుకు బెల్టు రాత్రే ఎక్కించేయండి, అయితే ఇవాళ పెట్టుకున్నది కాకుండా రెండోది.