గోధుమ మానేశాక మా పాప కంచంలో ఏం పెడుతున్నానంటే

మా పాపకి సీలియాక్ జబ్బు (గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ ఒంటికి పడకపోవడం) అని తేలిన రోజు మా అత్తయ్యగారు "దానికేముందమ్మా, మనం అన్నం తినేవాళ్లమేగా" అన్నారు. నేనూ అదే ధైర్యంతో ఉన్నాను. రాజోలు దగ్గర పల్లె మాది, గుమ్మం దిగితే వరిచేలే. చపాతీ, ఉప్మా, సేమ్యా మానిపించేస్తే పని అయిపోయిందనుకున్నాం. మూడు నెలలయ్యాక రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 దాటలేదు. విటమిన్ డి కూడా బాగా తక్కువ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పిన విషయం ఇది. గ్లూటెన్ వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఒంటికి పట్టేది ఆ పేగు మొదటి భాగంలోనే. అంటే జబ్బు బయటపడే నాటికే పిల్ల ఒంట్లో నిల్వలు అడుగంటిపోయి ఉంటాయి. దానికితోడు మేం గోధుమ తీసేసి ఆ చోట ఇంకో రెండు గరిటెల తెల్లన్నం వడ్డించాం. బియ్యం పాలిష్ పట్టినప్పుడే బి విటమిన్లు, పీచు చాలావరకు తవుడుతో వెళ్లిపోతాయి. మిగిలిన విటమిన్లలోనూ కొంత కడుగునీళ్లలో, వార్చిన గంజిలో పోతుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. అనుమానంతో గోధుమ మానేసి తర్వాత పరీక్షకి వెళ్లకండి, ఫలితం సరిగా రాదు. ముందు పరీక్ష, తర్వాతే పథ్యం.

పథ్యం మొదలుపెట్టాక మొట్టమొదట చూడాల్సింది ఇంగువ డబ్బా. పాప గోధుమ ముట్టకపోయినా కడుపునొప్పి తగ్గడం లేదు. ఓ శుక్రవారం పులిహోర పోపు వేస్తూ ఊరికే డబ్బా తిప్పి చూశాను. సన్నటి అక్షరాల్లో 'గోధుమ పిండి' అని ఉంది. చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. ముద్ద ఇంగువలో కూడా చాలావాటిలో పిండి కలుస్తుంది, ముద్ద కదా అని నమ్మకండి. బియ్యప్పిండితో చేసినవి దొరుకుతాయి, అడిగి తెచ్చుకోండి. ఇలా రోజూ చిటికెడు లోపలికి పోతుంటే పేగు మానదు. పేగు మానకపోతే ఎన్ని మాత్రలు మింగించినా ఒంటికి సరిగా పట్టవు.

పిండిమర సంగతీ అంతే. ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటారు, ఆ వెనకే మన రాగులు పోస్తాం. అందుకే నేను రాగులు కడిగి, మొలకలొచ్చాక ఎండబెట్టి ఇంట్లో మిక్సీలోనే పొడి చేస్తాను. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మొదట్లో పాపకి పాలు పడలేదు. పేగు దెబ్బతిన్నప్పుడు కొంతకాలం అలా ఉంటుందట. పెరుగు పడింది, రాగిజావ పడింది. ముల్లుతో సహా నమిలేసే ఎండు మెత్తళ్లు కూడా కాల్షియానికి మంచివి, పాపకి వంకాయతో కలిపి వండితే ఇష్టం.

అన్నం విషయంలో అత్తయ్యగారితో కొంచెం వాదన అయింది. ఆ మధ్య రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు వందకి ఒకటి చొప్పున కలిపి ఇచ్చారు కదా. అవి కాస్త రంగు తేడాగా ఉంటాయి, కొన్ని నీళ్లలో తేలతాయి. 'ప్లాస్టిక్ బియ్యం' అని ఆవిడ చేటలో పోసుకుని ఒక్కొక్కటే ఏరి పారేసేవారు. అవి బియ్యప్పిండితోనే చేసినవని చెప్పాక ఏరడం మానేశారు. అవి కలిసిన బియ్యం ఉంటే ఎక్కువసార్లు కడగకండి, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి. లేదంటే తక్కువ పాలిష్ బియ్యం ఆడించుకోండి. మన మిల్లుల నుంచి కేరళ వెళ్లే ఉప్పుడు బియ్యం కూడా మంచివే. వడ్లు ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి విటమిన్లు కొంత గింజలోకి దిగుతాయి.

ఐరన్‌కి, ఫోలేట్‌కి (ఆహారంలో దొరికే ఫోలిక్ యాసిడ్ రూపం) వారంలో నాలుగు రోజులు తోటకూర పప్పో, మునగాకు వేపుడో చేస్తాను. అన్నంలో నిమ్మకాయ పిండుతాను, లేదా తినగానే జామకాయ ముక్క ఇస్తాను. సి విటమిన్ ఉంటే ఆకుకూరలోని ఐరన్ బాగా పడుతుంది. భోజనానికి అటూ ఇటూ ఓ గంట టీ వద్దు. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి వేయకండి, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. జింక్ కోసం నువ్వులుండ, గుమ్మడి గింజలు.

బి12 ఆకుకూరల్లో దొరకదు. గుడ్డు, చేప, పాలు, పెరుగు కావాలి, శాకాహారులైతే పరీక్ష చేయించుకుని మాత్ర వాడాలి. బి12 సంగతి చూడకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రమే వేస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. డి విటమిన్ వారానికోసారి వేసే 60,000 యూనిట్ల మాత్ర డాక్టరు చెప్పినన్ని వారాలే. అది ఒంట్లో పేరుకుంటుంది, చీటీ పాతదైపోయినా షాపులో కొనుక్కుని కొనసాగించకండి.

హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), ఫోలేట్, బి12, డి, వీటితోపాటు టీటీజీ యాంటీబాడీలు (సీలియాక్ జబ్బు అదుపులో ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష) మాకు ఆరు నెలలకోసారి చూస్తున్నారు. కాగితాలన్నీ ఒకే ఫైల్లో తారీఖుల వారీగా పెడుతున్నాను. మొన్నటిదాంట్లో హిమోగ్లోబిన్ 11.4. కాజా అడగడం పాప ఎప్పుడో మానేసింది. వాళ్ల నాన్న ఆత్రేయపురం వైపు వెళ్లినప్పుడల్లా పూతరేకులు తెస్తారు, అందులో బియ్యం, బెల్లం, నెయ్యేగా.