కాంట్రాక్ట్ వాళ్ళని మీరు చూసుకుంటున్నారా? ముందు షిఫ్ట్ లిస్ట్ సరిచేయండి

కొత్తగా సూపర్‌వైజర్ అయినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, జీతాలు పెంచడం మన చేతిలో లేదు కదా, ఇంక వాళ్ళకి మనమేం చేయగలం అని. చాలా చేయొచ్చు. కాంట్రాక్ట్ మీద వచ్చినవాళ్ళు, ఊరుకాని ఊరు వచ్చి పనిచేసేవాళ్ళు, ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న ఆడవాళ్ళు, చదవడం రాయడం రానివాళ్ళు, వీళ్ళు ఒక్కరోజు జీతం పోయినా తట్టుకోలేరు, అందుకే ఎంత ఇబ్బందైనా నోరెత్తరు. వాళ్ళ ఉద్యోగం బాగుందా లేదా అన్నది చాలావరకు రోజూ వాళ్ళ చేత పని చేయించే మనిషి మీదే ఆధారపడి ఉంటుంది.

నేను షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా ఉన్న మొదట్లో రేపటి లిస్ట్ రాత్రి తొమ్మిదిన్నరకి గ్రూపులో పెట్టేవాణ్ణి, అందరూ అలాగే చేస్తున్నారు కదా అని. హౌస్‌కీపింగ్‌లో ఒకావిడ ఆ మెసేజ్ వచ్చేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చునేదట, ఎందుకంటే పొద్దున షిఫ్ట్ పడితే పాపని చూసుకోడానికి ఆ రాత్రికి రాత్రే ఎవరినో ఒకర్ని బతిమాలుకోవాలి. ఒకరోజు నా దగ్గరకొచ్చి "సార్, ఏ షిఫ్ట్ వేసినా చేస్తాను, కాస్త ముందు చెప్పండి చాలు" అంది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

కాబట్టి లిస్ట్ కనీసం రెండు వారాల ముందు పెట్టండి, గ్రూపులోనే కాదు, అందరూ వచ్చిపోయే చోట గోడ మీద కూడా. పెట్టాక మార్చాల్సొస్తే ఆ మనిషిని అడిగి మార్చండి, కుదరదంటే అది మనసులో పెట్టుకోకండి. వాళ్ళలో వాళ్ళు షిఫ్టులు మార్చుకుంటామంటే మార్చుకోనివ్వండి, మీకు తెలిస్తే చాలు. రాత్రి మూసేసి వెళ్ళినవాళ్ళని పొద్దున్నే తెరవడానికి రమ్మనకండి, యూరోపియన్ యూనియన్‌లో అయితే ప్రతి 24 గంటల్లో వరసగా 11 గంటలు విశ్రాంతి ఇవ్వాలని రూలే ఉంది. ఇలా చేస్తే బిజినెస్ దెబ్బతింటుందని పైవాళ్ళు అంటారు, నాకూ అన్నారు. అప్పుడు గ్యాప్ అనే అమెరికా బట్టల కంపెనీ సంగతి చెప్పండి. 2015-16లో చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో స్టోర్లలో షిఫ్టులు స్థిరంగా ఉండేలా మార్చి చూశారు, అలా మార్చిన స్టోర్లలో అమ్మకాలు 7 శాతం దాకా పెరిగాయి. అనుభవం ఉన్నవాళ్ళు కౌంటర్లో నిలకడగా ఉంటే అంత తేడా వస్తుంది మరి.

తర్వాత డబ్బులు. ఎంత కోశారు, ఎందుకు కోశారు అన్నది వాళ్ళకి అర్థమయ్యే భాషలో రాసివ్వండి, చదవలేనివాళ్ళకి పక్కన కూర్చుని చెప్పండి, ఐదు నిమిషాల పని. పది నిమిషాలు లేటైతే సగం రోజు కోసే పద్ధతి ఉంటే దాన్ని ఆపించడానికి గట్టిగా మాట్లాడండి. ఓటీ (ఓవర్‌టైమ్) చేసిన రోజే రాసి సంతకం పెట్టించండి, నెలాఖరుకి ఎవరికీ గుర్తుండదు. పని ఇప్పించినందుకు ఏజెంట్ వర్కర్ దగ్గర కమీషన్ తీసుకున్నాడేమో కనుక్కోండి, అలా తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 ఒప్పందంలోనే ఉంది. పాస్‌పోర్టులు, ఐడీ కార్డులు "భద్రంగా ఉంటాయి" అని ఆఫీసులో పెట్టుకోవడం అసలు వద్దు, ఆ సంస్థ వెట్టిచాకిరీని గుర్తుపట్టడానికి చెప్పిన 11 లక్షణాల్లో అదొకటి.

ఇక అన్నిటికన్నా కష్టమైంది, భయం పోగొట్టడం. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా అనే భవనం కూలిపోయి 1,100 మందికి పైగా చనిపోయారు కదా, ముందురోజే గోడల్లో పగుళ్ళు కనపడితే కింద బ్యాంకు, షాపులు మూసేశారు, పైన బట్టలు కుట్టే వాళ్ళని మాత్రం జీతం పోతుందని బెదిరించి లోపలికి పంపారు. లోపలికి వెళ్ళం అని చెప్పే ధైర్యం వాళ్ళకి లేక కాదు, అలా చెబితే ఆ నెల ఇల్లు గడవదు. మీ దగ్గర ఎవరైనా ఈ మెషిన్ తేడాగా ఉంది అంటే ముందు మెషిన్ ఆపండి, ఎవడు చెప్పాడు, ఎందుకు చెప్పాడు అన్న ఆరా వద్దు. ఆపిన టైముకి జీతం కోయకండి. కంప్లైంట్ తీసుకునేది మీరే కాకుండా ఇంకొకళ్ళు కూడా ఉండాలి, ఎందుకంటే కంప్లైంట్ మీ మీదే కావచ్చు.

బాత్రూంకి వెళ్ళిన టైము రాయడం, ప్రతి పనికీ సెకన్లు లెక్కపెట్టడం లాంటివి ఆపేయండి. పని ఒత్తిడి ఎక్కువుండి, ఆ పని ఎలా చేయాలో తేల్చుకునే వీలు అసలు లేకపోతే మనిషి బాగా నలిగిపోతాడని కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే రాశాడు. టార్గెట్ తగ్గించలేకపోయినా ఏ పని ముందు, ఏది తర్వాత, బ్రేక్ ఎప్పుడు అన్నది టీముకే వదిలేయొచ్చు, నేను వదిలేశాను, పనేమీ ఆగలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే పోయిన నెల షిఫ్ట్ లిస్టులు తీయండి. లిస్ట్ పెట్టేశాక ఎన్నిసార్లు మార్చారో, ఎవరివి మార్చారో ఒక కాగితం మీద రాయండి. నేను రాసినప్పుడు అవే నాలుగు పేర్లు మళ్ళీ మళ్ళీ వచ్చాయి, నలుగురూ ఎప్పుడూ ఎదురు చెప్పనివాళ్ళే. వచ్చే లిస్ట్ రాసేముందు ఆ పేర్లున్నవాళ్ళని పిలిచి ఏ టైములు కుదరవో అడగండి.